ఒకటి పాయింటు ముప్పై

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి నేను పోలీస్ స్టేషన్ మెట్లెక్కేసరికి మా మరిది తన గది గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"పది నిమిషాలు, వదినా. అంతకు మించి ఇవ్వలేను. పదకొండింటికి ఆమెని కోర్టులో హాజరుపరచాలి," అన్నాడు.

మా మరిది ఆ స్టేషన్‌కి ఇన్‌స్పెక్టరు. నా భర్తకి ఒక్కగానొక్క తమ్ముడు. నా భర్త పోయి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో మేమిద్దరం మాట్లాడుకున్నది మూడంటే మూడుసార్లు, అదీ కేసుల విషయమే. నేను పాతికేళ్లు బీమా కంపెనీ తరఫున తగలబడ్డ గోదాములూ పేలిన బాయిలర్లూ చూసి రిపోర్టులు రాశాను. ఇప్పుడు అలాంటి పనే సొంతంగా చేస్తున్నాను, ఎవరు పిలిస్తే వాళ్లకి. మా మరిది లెక్కలో అది తగుదునమ్మా అంటూ పోలీసుల పనిలో తలదూర్చడం.

ఈసారి నన్ను పిలిచింది చనిపోయిన మనిషి కూతురు.

ఆమె తండ్రి కృత్రిమ కాళ్లు తయారుచేసే వర్క్‌షాపులో పెద్ద మేస్త్రి. అరవై రెండేళ్లు. శనివారం సాయంత్రం ప్లాస్టర్ బస్తాలు దాచే నేలమాళిగలో, మెట్ల కింద బోర్లా పడి ఉన్నాడు. తల వెనక ఒకే ఒక్క దెబ్బ. పక్కన తోలు కొట్టే సుత్తి. టైము విషయంలో అనుమానమేమీ లేదు. నాలుగూ ఇరవై ఒకటికి ఆయన కూతురికి ఫోన్ చేశాడు. నాలుగూ ఇరవై నాలుగుకి "ఎవరో దిగి వస్తున్నారు, మళ్లీ చేస్తాను" అని పెట్టేశాడు. నాలుగూ ముప్పై ఒకటికి బస్తా దించడానికి వచ్చిన కాపలా మనిషి ఆయన్ని చూసి కేక పెట్టాడు. మధ్యలో ఉన్నది ఏడు నిమిషాలు.

ఆ ఫోన్లో ఆయన చెప్పిన మాట ఒకటి కూతురికి అర్థం కాలేదు. "అన్నీ పచ్చిగా ఉన్నాయమ్మా. ఒక్కటి కాదు, అన్నీ," అన్నాడట. ఆ మాట మా మరిదికి చెబితే, ప్లాస్టర్ ఆరలేదని అని ఉంటాడమ్మా అని తేల్చేశాడట.

శనివారం వర్క్‌షాపు మధ్యాహ్నం దాకానే. ఆ తర్వాత లోపల మిగిలింది నలుగురు. చనిపోయిన మేస్త్రి. గేటు దగ్గర ప్లాస్టర్ వ్యాను డ్రైవర్‌తో మాట్లాడుతూ ఉండిపోయిన కాపలా మనిషి. పై అంతస్తులో ఓవెన్ దగ్గర మేనేజరు. మధ్య అంతస్తులో కాళ్లకి తోలు పట్టీలు కుట్టే కుట్టుపని మనిషి. సుత్తి ఆమెదే. ఆదివారం మధ్యాహ్నం మా మరిది ఆమెని అరెస్టు చేశాడు.

నేను లోపలికి వెళ్లేసరికి ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని బల్ల వైపు చూస్తోంది. ముప్పై అయిదేళ్లుంటాయి. వేళ్ల నిండా మైనం పట్టించిన దారం కోసిన సన్నటి గాట్లు. మా మరిది గోడకి ఆనుకుని చేతిగడియారం చూసుకుంటున్నాడు.

శనివారం పొద్దుటి గొడవ గురించి అడిగాను. ఆమె ఏదీ దాచలేదు. ఆమె తమ్ముడికి రెండు నెలల కిందట ఆ వర్క్‌షాపులోనే కాలు చేయించింది. కుర్రాడికి ఇరవై రెండేళ్లు, లారీ ప్రమాదంలో మోకాలి కింద కాలు పోయింది. పోయిన గురువారం బస్సు దిగుతుంటే ఆ కృత్రిమ కాలి సాకెట్, అంటే మొండి కాలు కూర్చునే గిన్నె లాంటి భాగం, నిలువునా చీలింది. పిల్లాడు పడ్డాడు. తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆమె ఆ చీలిన సాకెట్ తెచ్చి మేస్త్రి ముందు పెట్టి, మీ చేతిపనిని నమ్మి నా తమ్ముణ్ణి నడిపించాను అని నలుగురి ముందూ కేకలేసింది.

"ఆయనేమన్నారు?" అని అడిగాను.

"ఏమీ అనలేదండీ. చీలిన అంచు బొటనవేలి గోటితో నొక్కారు. గోరు దిగింది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. సాయంత్రం దాకా ఓపిక పట్టు తల్లీ, చెబుతాను అన్నారు."

ఆ వర్క్‌షాపులో పని మొదలుపెట్టే ముందు ఎవరైనా సరే పనుల బోర్డు అనే ఒక సాఫ్ట్‌వేర్‌లో ఆ పనీ, దానికి పట్టే సమయమూ రాయాలి. సమయం తీరగానే వాళ్ల బల్ల దగ్గర గంట మోగుతుంది. శనివారం ఈమె డెబ్బై అయిదు నిమిషాలు రాసి మూడూ రెండుకి మొదలుపెట్టింది. నాలుగూ పదిహేడుకి గంట మోగింది. సుత్తి బల్ల మీదే వదిలి, చేతులకంటిన తోలు రంగు కడుక్కోవడానికి వెనక కుళాయి దగ్గరికి వెళ్లింది. కేక వినిపించేదాకా అక్కడే ఉంది. చూసినవాళ్లు లేరు.

ఆ మధ్యలో ఏదైనా చప్పుడు విన్నావా అని అడిగాను. ఆలోచించింది.

"నా గంట మోగి ఆగిందో లేదో, పైన ఓవెన్ గంట మోగిందండీ. ఒకదాని వెనక ఒకటి. అంతే."

మా మరిది నవ్వాడు. ఓవెన్ గంట మోగింది నాలుగున్నరకి, బోర్డే చెబుతోంది, రెండింటికీ మధ్య పదమూడు నిమిషాల తేడా ఉందన్నాడు. అబద్ధం ఆడేవాళ్లు కనీసం గడియారం చూసుకుని ఆడాలన్నాడు.

ఆమె మొదటిసారి తలెత్తి అతని వైపు చూసింది. "అది అబద్ధమైతే నాకేం ఒరుగుతుందండీ?" అంది, గొంతు పెంచకుండానే.

నేను లేచాను. పాతికేళ్లలో నేను విన్న అబద్ధాలన్నీ చెప్పినవాళ్లకి ఏదో ఒక రకంగా పనికొచ్చేవే. ఈమె మాట ఆమెకి ఎందుకూ పనికిరాదు. పనికిరాని అబద్ధం ఎవరూ కష్టపడి కల్పించరు. అదే మాట మా మరిదితో అని, నాకు ఓవెన్ గది చూపించమన్నాను. కుదరదన్నాడు. అయితే ఆ గదిని ఎందుకు చూపించడంలేదో మేస్త్రి కూతురే రాతపూర్వకంగా అడుగుతుందన్నాను. జీపు తాళాలు తీసుకున్నాడు.

తొమ్మిదిన్నర దాటాక వర్క్‌షాపు చేరాం.

మేనేజరు మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు. యజమాని అల్లుడు. యజమాని ఏడాదిగా పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు, చూసుకునేది అంతా ఇతనే. నలభై ఏళ్ల మనిషి. మాటకి ముందొక నవ్వు, తర్వాతొక నవ్వు. పెద్ద మేస్త్రి మా మామగారికి కుడి భుజం అన్నాడు, కళ్లు తుడుచుకున్నాడు. ఆ శనివారం ఓవెన్ చూసే మనిషికి జ్వరం వచ్చిందనీ, అర్జెంటు పని కాబట్టి తనే కూర్చున్నాననీ చెప్పాడు. ఓవెన్ నడుస్తున్నంతసేపూ ఎవరో ఒకరు గదిలో ఉండి తీరాలట.

మధ్య అంతస్తులో గోడ పొడవునా కొక్కేలకి కొలత కోసం పోసిన ప్లాస్టర్ కాళ్లు వేలాడుతున్నాయి. సగం కాళ్లు, మోకాలి దాకా ఉన్నవి, చిన్నపిల్లలవి. ఒక్కోదాని మీద పెన్సిల్‌తో ఒక నంబరు. కిటికీలోంచి వచ్చే వెలుతురు చాలక అవి కాళ్లలా కాక మొండి కొమ్మల్లా ఉన్నాయి. మేస్త్రి బల్ల మీద ఆకురాళ్లు వరసగా, పెద్ద నుంచి చిన్నకి, ఎవరూ కదపకుండా ఉన్నాయి.

వాటికి ఎదురుగా గోడ మీద పనుల బోర్డు తెర. శనివారానిది తెప్పించాను. రెండే వరసలు.

కుట్టు: మొదలు 3:02, సమయం 75 నిమిషాలు, ముగింపు 4:17.

ఓవెన్: మొదలు 3:00, సమయం 1.30 గంటలు, ముగింపు 4:30.

ఒకరు నిమిషాల గడిలో, ఒకరు గంటల గడిలో ఎందుకు రాశారని అడిగాను. ఎవరి ఇష్టం వాళ్లదని మేనేజరు చెప్పాడు. కుట్టుపని మనిషికి పాయింట్లు పెట్టడం రాదట, అందుకని నిమిషాల్లోనే రాసుకుంటుందట. మిగతావాళ్లంతా గంటన్నర అంటే ఒకటి పాయింటు ముప్పై అని రాస్తారట.

"చూశారుగా," అన్నాడు మా మరిది. "గంట మోగింది నాలుగున్నరకి. శవాన్ని చూసింది ముప్పై ఒకటికి. ఒక్క నిమిషంలో ఓవెన్ ఆపి, నేలమాళిగ దాకా దిగి, మనిషిని చంపి, మళ్లీ పైకెక్కి కేక విని పరిగెత్తుకు రావడం ఎవరి తరమూ కాదు."

పై అంతస్తులో ఓవెన్ గది చిన్నది. బట్టల బీరువా అంత ఓవెన్, ఒక స్టూలు, ఒక కిటికీ. రెజిన్ జిగురు ఘాటు ఇంకా గోడల్లోనే ఉంది. రెజిన్ పట్టించిన సాకెట్‌ని బాగా వేడెక్కిన ఓవెన్‌లో గంటన్నర ఉంచితేనే లోపలిదాకా గట్టిపడుతుందట. గంట మోగగానే గదిలో ఉన్న మనిషి తన చేత్తో తలుపు తీసి, సరుకు బయటపెట్టి, ఓవెన్ ఆపాలి.

ఓవెన్ పైన, నా తలకి ఎత్తులో, గోడకి ఇనప పెట్టె ఒకటి బిగించి ఉంది. అద్దం తలుపు దుమ్ముపట్టి ఉంది. చీరకొంగుతో తుడిచాను. లోపల పళ్లెమంత గుండ్రటి కాగితం, దాని మీద నీలం సిరా పెన్ను. ఇలాంటివి బాయిలర్ల దగ్గర బోలెడు చూశాను. కాగితం రోజుకొక చుట్టు తిరుగుతుంది, పెన్ను వేడిని గీస్తుంది.

మేనేజరు నవ్వాడు. అది మామగారి కాలం నాటి చెత్త అన్నాడు, బోర్డు వచ్చాక దాన్ని ఎవరూ పట్టించుకోరన్నాడు. పెద్ద మేస్త్రి ఒక్కడే చాదస్తంగా వారానికోసారి తాళంచెవితో కీ ఇచ్చి, రోజూ కాగితం మార్చేవాడట.

శనివారం మార్చిన కాగితం ఇంకా దాంట్లోనే ఉంది. ఆదివారం, సోమవారం పెన్ను లోపలి అంచున చల్లటి గీత మీదే మళ్లీ మళ్లీ తిరుగుతోంది. శనివారం మధ్యాహ్నం గీత మాత్రం బయటికి ఎగసి స్పష్టంగా ఉంది. కళ్లద్దాలు సర్దుకుని చూశాను. ఓవెన్ తలుపు తీసినప్పుడల్లా వేడి పడిపోయి గీతలో ఒక గుంట పడుతుంది. గుంటలు రెండున్నాయి. మొదటిది సరిగ్గా మూడు గంటల గీత మీద, సరుకు లోపల పెట్టినప్పటిది. రెండోది బయటికి తీసినప్పటిది. దాని తర్వాత గీత కిందికి జారిపోయింది. గడికి పదిహేను నిమిషాలు. గంటన్నర అంటే ఆరు గళ్లు ఉండాలి. నేను లెక్కపెట్టాను. మా మరిదిని లెక్కపెట్టమన్నాను.

"ఐదు," అన్నాడు. కాస్త ఆగి, "ఐదూ, ఇంకో పిసరు."

"నాలుగూ పద్దెనిమిది," అన్నాను.

మేనేజరు ఈసారి నవ్వలేదు. కీ ఇచ్చి తిప్పే పాత గడియారం నెమ్మదిగా నడిచి ఉంటుందన్నాడు. మా మరిది కూడా అదే అన్నాడు. తుప్పుపట్టిన డబ్బా మాట పట్టుకుని కోర్టుకి వెళితే జడ్జి తన మొహం మీదే నవ్వుతాడన్నాడు.

న్యాయమైన మాటే. అయితే పదిహేను నిమిషాలు ఇక్కడే కూర్చుందాం, పెన్ను సరిగ్గా ఒక గడి దాటితే గడియారం బాగున్నట్టు, దాటకపోతే నేను ఇంటికి వెళ్లిపోతాను అన్నాను. నా ఫోన్లో టైము పెట్టాను. మేనేజరు ఎవరికో ఫోన్ చేసుకోవాలని కిందికి వెళ్లాడు.

పెన్ను కదులుతున్నట్టే కనిపించదు. మా మరిది కిటికీ దగ్గర నిలబడ్డాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను. అయిదు నిమిషాలు గడిచాయి.

"మీకు ఇదో అలవాటు వదినా," అన్నాడు, బయటికే చూస్తూ. "ఎవరు ఎన్నింటికి ఎక్కడున్నారో కొలవడం."

"అది నా పని."

"అన్నయ్య పోయిన రోజు కూడా పనేనా?"

ఆ రోజు నా భర్తకి గుండెపోటు వచ్చినప్పుడు పక్కన ఉన్నది ఇతనే. ఆసుపత్రికి తీసుకెళ్లింది ఇతనే. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆ వసారాలో, ఇతని చొక్కా ఇంకా చెమటతో తడిగా ఉండగానే, ఇంట్లోంచి ఎన్నింటికి బయలుదేరారు, ఇక్కడికి ఎన్నింటికి చేరారు అని నేను ఇతన్ని అడిగాను. డాక్టర్నీ అడిగాను. నర్సునీ అడిగాను.

"నలభై నిమిషాలు ఎక్కడ పోయాయి అన్నారు. మా అన్న శవం పక్కన నిలబెట్టి," అన్నాడు. "ట్రాఫిక్‌లో పోయాయి వదినా. అప్పుడూ అదే చెప్పాను. ఇప్పటికీ నాకు అదే దారిలో కారు నడపబుద్ధి కాదు."

నాలుగేళ్లుగా ఆ మాట మా ఇద్దరి మధ్యా ఉంది, ఎవరూ పైకి అనలేదు. తప్పు నాది. అలాగే చెప్పాను. అడక్కుండా ఉండలేకపోయానని, అడగడం ఆపేస్తే ఆయన పోయారన్నది నిజమైపోతుందనిపించిందని చెప్పాను. అతను తల తిప్పలేదు. జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

నా ఫోను మోగింది. ఇద్దరం అద్దం దగ్గరికి వచ్చాం. పెన్ను కొన తర్వాతి గీత మీద, వెంట్రుకవాసి తేడా కూడా లేకుండా, ఆగి ఉంది.

"అయితే బోర్డు తప్పు చెబుతోందా?" అన్నాడు. అతని గొంతు మారింది. ఇప్పుడు పోలీసువాడిలా అడుగుతున్నాడు.

బోర్డు తెర పక్కన, ఏదైనా ఇబ్బంది వస్తే చెయ్యమని అంటించిన నంబరు నేను కింద ఉన్నప్పుడే రాసుకున్నాను. ఆ సాఫ్ట్‌వేర్ రాసి, అమ్మి, బాగుచేసేది ఒక్క అమ్మాయేనట, ఇంట్లోనే కూర్చుని. ఫోను ఇద్దరికీ వినబడేలా పెట్టి, వర్క్‌షాపు పేరు చెప్పి, ఓవెన్ సమయం గురించి అని మొదలుపెట్టానో లేదో, ఆమె అందుకుంది.

"ఒకటి పాయింటు ముప్పై సంగతేనా మేడమ్? అది సరిచేసేశానండీ."

ఏం తప్పు, ఏం సరిచేసింది అని అడిగాను. ఓపిగ్గా చెప్పింది. మనుషులు ఒకటి పాయింటు ముప్పై అని రాస్తే వాళ్ల ఉద్దేశం గంటా ముప్పై నిమిషాలు. కానీ ఆమె రాసిన ప్రోగ్రాము పాయింటు తర్వాత అంకెని నిమిషాలుగా తీసుకోలేదు, గంటలో పదో వంతులుగా తీసుకుంది. గంటలో పదో వంతులు మూడంటే పద్దెనిమిది నిమిషాలు. అంటే గంట మోగాల్సింది తొంభై నిమిషాలకి, మోగుతున్నది డెబ్బై ఎనిమిదికి. ఆరు నెలల కిందట కొత్త వెర్షన్ పెట్టినప్పటినుంచీ అలాగే ఉంది.

ఆరు నెలలు. ప్రతి సాకెట్టూ ఓవెన్‌లోంచి పన్నెండు నిమిషాలు ముందే బయటికొచ్చింది. గోరు దిగిన అంచు, ఆయన చూసిన వాసన, కూతురితో అన్న మాట, మూడూ ఒక్కసారిగా నాకు అర్థమయ్యాయి. పచ్చిగా ఉన్నది ప్లాస్టర్ కాదు. కాళ్లు.

"సరిచేస్తే ఇకమీదట సరిగ్గా మోగాలి. శనివారంనాటి పాత లెక్క ఎలా మారింది?" అని అడిగాను.

బోర్డు ముగింపు టైముని విడిగా దాచుకోదట. మొదలైన టైముకి పట్టే సమయం కలిపి అప్పటికప్పుడు చూపిస్తుందట. పాతవాటి సమయం కూడా కొత్త పద్ధతిలోకి మార్చమన్నారు కాబట్టి, పాత పనులన్నీ ఇప్పుడు తొంభై నిమిషాలుగానే కనిపిస్తాయట.

"మార్చమన్నదెవరు?"

మేనేజరు గారే అంది. మూడు వారాల కిందట పెద్ద మేస్త్రి గారు తన చేతిగడియారంతో చూసుకుని, గంట ముందే మోగుతోందని ఆమెకి ఉత్తరంలా వివరంగా రాశారట. ఆమె వెంటనే మేనేజరుకి చెప్పిందట. ఇప్పుడు మారిస్తే అందరూ ఎందుకని అడుగుతారు, కొన్నాళ్లు ఆగు, మేస్త్రికి నేను చెప్పుకుంటాను అన్నాడట. తీరా శనివారం ఆయనే ఫోన్ చేసి, ఇవాళే, ఇప్పుడే, పాతవాటితో సహా మార్చెయ్యి అని తొందరపెట్టాడట. ఆరు కొట్టేసరికి చేసేసిందట.

"ఫోన్ ఎన్నింటికి వచ్చిందో చూసి చెప్పమ్మా," అన్నాడు మా మరిది.

చూసి చెప్పింది. అయిదూ నలభై.

అయిదూ నలభైకి మేస్త్రి శవం ఇంకా నేలమాళిగలోనే ఉంది, మీద దుప్పటి కప్పి. మా మరిది చొక్కా జేబులోంచి తన నోటుపుస్తకం తీశాడు. వేలితో పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగాడు. తర్వాత తనే చదివాడు, నేను అడక్కుండానే.

"శనివారం, సాయంత్రం అయిదూ పదిహేను. మేనేజరు వాంగ్మూలం. 'గంట మోగగానే బోర్డు చూసుకున్నాను, నాలుగున్నర అని ఉంది. ఓవెన్ ఆపుతుండగా కింద కేక వినపడింది.'"

ఆ అమ్మాయిని అడిగాను, శనివారం అయిదూ పదిహేనుకి ఆ బోర్డు ఏం చూపించి ఉంటుందని.

"నాలుగూ పద్దెనిమిదండీ. నేను ఆరింటికి కదా మార్చాను."

మా మరిది పుస్తకం మూశాడు. ఆదివారం పొద్దున్న తను బోర్డు చూసే సమయానికి అది నాలుగున్నర అంటోంది, వాంగ్మూలమూ నాలుగున్నర అంటోంది, రెండూ కలిశాయి కదా అనుకున్నానని నెమ్మదిగా అన్నాడు. బోర్డు చెప్పని టైముని, చెబుతుందని ముందే తెలిసినవాడొక్కడే చెప్పగలడు. ఆ మాట మా ఇద్దరిలో ఎవరూ అనాల్సిన అవసరం లేకపోయింది.

అప్పుడే నాకు కాగితం కాలిన వాసన వచ్చింది.

మేం మధ్య అంతస్తుకి దిగేసరికి మేనేజరు ప్లాస్టర్ ఆరబెట్టే పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన మేస్త్రి బీరువా తలుపు బార్లా తీసి ఉంది. గుండ్రటి కాగితాల కట్టలు, ఆరు నెలలవి, ఒక్కొక్కటీ పొయ్యిలో పడేస్తున్నాడు. మా మరిది అతని మణికట్టు పట్టుకున్నాడు. అతను పెనుగులాడలేదు. చేతిలో మిగిలిన కట్ట నేల మీద పడింది. చాలామటుకు అప్పటికే బూడిదైపోయాయి.

"సోమవారం అందరికీ ఉత్తరాలు రాస్తానన్నాడు," అన్నాడు మేనేజరు. ఇప్పుడు మొహంలో ముందు నవ్వూ లేదు, వెనక నవ్వూ లేదు. "ఆగమన్నాను. మా మామగారు పోయేదాకా ఆగమన్నాను, ఆ తర్వాత వర్క్‌షాపు నా చేతికొస్తుంది, నెమ్మదిగా ఒక్కోటీ పిలిచి మార్చేద్దామన్నాను. వినలేదు. కూతురికి కూడా చెప్పేస్తున్నాడు. మెట్లు దిగుతుంటే నాకు వినపడింది."

గేటు దగ్గరున్న కానిస్టేబుళ్లు వచ్చి అతన్ని తీసుకెళ్లారు. పదీ నలభై అయింది. మా మరిది స్టేషన్‌కి ఫోన్ చేసి, ఆమెని కోర్టుకి తీసుకెళ్లొద్దన్నాడు. నేను ఆమెని ఇక్కడికి పంపించమన్నాను. ఎందుకని అడిగాడు. ఎదురుగా గోడ మీది కాళ్లు చూపించాను.

"పచ్చిగా ఉన్న కాళ్లు ఎన్ని బయట నడుస్తున్నాయో నీకు తెలుసా?"

అతనికి తెలీదు. బోర్డు ఇప్పుడు అన్నిటికీ తొంభై నిమిషాలే చూపిస్తోంది. కాగితాలు బూడిదయ్యాయి. నేను మళ్లీ ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఈసారి జరిగింది మొత్తం చెప్పాను. సరిచేసే ముందు పాతది ఒక కాపీ దాచానండీ అంది. ముక్కు ఎగపీలుస్తూనే కీబోర్డు కొడుతున్న చప్పుడు వినపడింది. పావుగంటలో జాబితా వచ్చింది. ఒకటి పాయింటు ముప్పై అని రాసిన ప్రతి ఓవెన్ పనీ, ఆ కాలు ఎవరిదో, వాళ్ల ఫోన్ నంబరు. మొత్తం అరవై ఒకటి.

కుట్టుపని మనిషి జీపు దిగి వచ్చింది. మా మరిది ఆమెకి ఎదురెళ్లి, పొరపాటు నాదే అన్నాడు. ఆమె అతన్ని దాటుకుని లోపలికి వచ్చింది. మేస్త్రి బల్ల దగ్గర ఆగి, ఆకురాళ్ల వైపు చూసింది. నేను జరిగింది చెబుతుంటే విన్నది. ఆయన గోరు నొక్కినప్పుడే ఆయనకి అర్థమైపోయిందన్నమాట అంది. కళ్లు తుడుచుకుని, "లిస్టు ఇవ్వండి," అంది.

అరవై ఒక్క మందికీ పట్టీలు బిగించింది ఆమే. పేరు చూస్తే మనిషి గుర్తొస్తాడు, ఏం పని చేసుకు బతుకుతాడో గుర్తొస్తుంది. ఈయన రోజంతా కౌంటర్లో కూర్చునే మనిషి, సాయంత్రం చేసినా ఫరవాలేదంది. ఈ పెద్దావిడ ఇల్లు దాటదంది. ఈ టీచరుకి మెట్లున్నాయి, ఇతనికి ముందు చెయ్యాలంది. మా మరిది ఒక ఫోనూ నేనొక ఫోనూ పట్టుకున్నాం. ఆమె వేలు జాబితా మీద కిందికి దిగుతూ ముప్పై ఎనిమిదో పేరు దగ్గర ఆగిపోయింది.

"ఇతనికి ముందు చెయ్యండి. పోయిన బుధవారమే తీసుకెళ్లాడు. గోడలకి రంగులేస్తాడు."

నేను నంబరు నొక్కాను. చాలాసేపు మోగింది. ఒక ఆడమనిషి ఎత్తింది. కాళ్ల వర్క్‌షాపు నుంచి మాట్లాడుతున్నామనగానే ఆమె గొంతు వెలిగింది.

"కాలు చక్కగా కుదిరిందమ్మా, పెద్ద మేస్త్రి గారికి చెప్పండి. ఏడాది తర్వాత ఇవాళే పనిలోకి వెళ్లాడు. ఎక్కడో నాలుగో అంతస్తు బయట గోడంట, పొద్దున్నే నిచ్చెన మోసుకుని వెళ్లాడు."

ఎక్కడ, ఏ వీధిలో అని అడిగాను. వెంటనే అతనితో మాట్లాడాలన్నాను.

"అది తెలీదమ్మా. ఫోను ఇంట్లోనే మర్చిపోయి వెళ్లాడు. నేను మాట్లాడుతున్నది దాంట్లోనే."